లింబాద్రి అల్లిన ఇనుప చొక్కా

పోయిన నెల కాకినాడలో పిన్ని ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ వంటింట్లో సింకు దగ్గర నిలబడి అట్లపెనం తోముతోంది. తోముతున్నది కొబ్బరిపీచుతో కాదు, స్టీలు పీచుతోనూ కాదు. అరచేయంత ఇనుప రింగుల ముక్క ఒకటి నల్లగా నిగనిగలాడుతూ, తడిగుడ్డలా ఆవిడ వేళ్ళ మధ్య వంగుతోంది. పెనానికి అంటుకుపోయిన మాడు పొరలు పొరలుగా లేచిపోతోంది. ఆ ముక్కని చూడగానే గుర్తుపట్టాను. అది ఒకప్పుడు నా కుడి భుజం మీద ఉండేది.

"ఇది నీ దగ్గరెలా ఉంది పిన్నీ?" అన్నాను. "ఉంటే ఏంరా, దోహా నుంచి తెచ్చుకున్న పెనాలు రెండు పోయాయి గానీ ఇది మాత్రం చెక్కుచెదర్లేదు," అంటూ దాన్ని కడిగి, పొడిగుడ్డతో తుడిచి, రెండు చుక్కల నువ్వులనూనె రాసి గోడకున్న మేకుకి తగిలించింది. బాబాయి బ్యాంకు పని మీద బయటికెళ్ళాడట. ముందు కూర్చుని అట్లు తినమంది, కబుర్లు తర్వాత అంది. నేను పీట మీద కూర్చున్నానే గానీ కళ్ళు ఆ మేకు మీదే ఉన్నాయి.

ఆ ముక్క సంగతి చెప్పాలంటే నేను రోమన్ సైనికుణ్ణయిన రోజుల గురించి చెప్పాలి. నవ్వొస్తే నవ్వుకోండి, నాకైతే ఇప్పుడు నవ్వు కూడా రావడం లేదు. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు వస్తోందని దోహా అంతా తవ్విపోసిన కాలం అది. నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. అల్ ఘర్రాఫాలో ఒక విల్లా వెనక భాగంలో బాబాయి, పిన్ని అద్దెకుండేవాళ్ళు. నేను వాళ్ళింట్లో ఒక గది ఆక్రమించుకుని, ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో ప్లానింగ్ ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. ప్లానింగ్ అంటే పెద్ద విషయమేమీ కాదు. ఏసీ కింద కూర్చుని, ఎండలో ఎవరు ఏ రోజు ఏం చెయ్యాలో కంప్యూటర్లో రంగురంగుల గీతలు గీయడం. ఒక్క ఇనుప ఊచ కూడా చేత్తో పట్టుకోకుండానే "మేం కడుతున్న స్టేడియం" అని ఇంటికి ఫోన్లో చెప్పేవాణ్ణి. ఆఫీసులో అందరం అలాగే చెప్పుకునేవాళ్ళం, ఒక్కడికీ సిగ్గనిపించేది కాదు.

ఆ ఇంట్లో శుక్రవారానికి ఒక పద్ధతుండేది. బాబాయి తెల్లారకముందే లేచి వారానికి సరిపడా చొక్కాలు తనే గంజి పెట్టి, తనే ఇస్త్రీ చేసుకునేవాడు. ఆ సమయంలో ఆయన్ని పలకరించకూడదు, ఇస్త్రీ బల్లని తాకకూడదు. కాలర్ దగ్గర మడత పడితే ఆ చొక్కాని మళ్ళీ నీళ్ళు చల్లి మొదటికి తెచ్చేవాడు. పిన్ని పెసరట్లకి రుబ్బుతూ, మధ్యమధ్య పెరట్లోకి పరిగెత్తి, పెయింటు డబ్బాలో పెంచుతున్న కరివేపాకు మొక్కకి తడిగోనె కప్పి వచ్చేది. ఆ మొక్కకున్న మర్యాద ఆ ఇంట్లో నాక్కూడా ఉండేది కాదు. గంజి వాసన, అల్లం వాసన, అగరొత్తుల వాసన కలిసిన ఆ ఇంటిని చూసి, ఇంత చిన్న బతుకులా అని నేను లోలోపల పెదవి విరిచేవాణ్ణి. నాకు పెద్ద బతుకు కావాలి. ఆ పెద్ద బతుకు నాకు గ్రాహం రూపంలో దొరికింది.

గ్రాహం మా ప్రాజెక్టులో సేఫ్టీ మేనేజరు, ఇంగ్లీషాయన. వారమంతా కూలీల హెల్మెట్ పట్టీలు సరిగా ఉన్నాయో లేదో చూసి కేకలేసేవాడు. శుక్రవారం సాయంత్రం అల్ రయ్యాన్‌లోని తన విల్లా లాన్‌లో నెత్తిమీద ఎర్ర కుచ్చున్న ఇంకో హెల్మెట్ పెట్టుకుని, తను రోమన్ సైన్యంలో వందమందికి నాయకుణ్ణని చెప్పుకునేవాడు. వందమంది లేరు, పన్నెండుమంది. అందరూ యూరప్ నుంచి వచ్చిన మేనేజర్లు, కన్సల్టెంట్లు. ఉన్ని అంగీలు, ఇనుప కవచాలు, అడుగున మేకులు కొట్టిన తోలు చెప్పులు వేసుకుని, లాటిన్‌లో ఆజ్ఞలిచ్చుకుంటూ లాన్ మీద అటూ ఇటూ నడిచేవాళ్ళు. అంగీ కుట్టులో దారం నారదా నూలుదా అని అరగంట వాదించుకునేవాళ్ళు. అంత పట్టింపున్న మనుషులు డాళ్ళ వెనక చల్లటి మినరల్ వాటర్ బాటిళ్ళు దాచుకునేవాళ్ళు. వెనిగర్ కలిపిన నీళ్ళు రోమన్ సైనికుల పానీయమట, అది ఒక్క గుక్క తాగి మొహాలు చిట్లించుకుని, ఆహా అనేవాళ్ళు. నేనూ అన్నాను.

చరిత్ర మీద ప్రేమతో చేరానని అందరికీ చెప్పేవాణ్ణి. అది అబద్ధం. ఆఫీసులో నా పేరు కూడా సరిగా పలకని మనుషులు శుక్రవారం సాయంత్రం నన్ను పేరుపెట్టి పిలుస్తారని చేరాను, అంతే. "రోమన్ సైన్యంలో అన్ని దేశాలవాళ్ళూ ఉండేవాళ్ళు, మన దగ్గరా అంతే," అని గ్రాహం నా భుజం తట్టి, నన్ను చివరి వరసలో చిట్టచివర నిలబెట్టాడు. అది గౌరవమనుకున్నాను.

కొత్తగా చేరినవాణ్ణి వాళ్ళు 'టిరో' అంటారు. టిరో తన సరంజామాలో ఒక్క వస్తువైనా తన చేత్తో తయారు చెయ్యాలి. దాన్ని అందరి ముందూ చూపించాకే పూర్తి సభ్యత్వం. ఒకాయన తోలుసంచీ కుట్టాడు, ఇంకొకాయన గుడారానికి కొయ్యమేకు చెక్కాడు. నేనూ ఏ సంచీయో కుట్టుకుంటే సరిపోయేది. తగుదునమ్మా అని ఇనుప రింగుల చొక్కా అల్లుతానని అందరి ముందూ ప్రకటించాను. వాళ్ళంతా దాన్ని విదేశాల నుంచి తెప్పించుకున్నవాళ్ళే. అందుకే కళ్ళు పెద్దవి చేసి చూశారు, ఆ చూపు నా నెత్తికెక్కింది. మూడు వారాలు కష్టపడితే వేళ్ళు బొబ్బలెక్కి, చిరిగిన దోమతెరలాంటి పిడికెడు ముక్క తయారైంది.

అప్పుడు సైటులో లింబాద్రిని చూశాను. నిజామాబాద్ వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. రాడ్ బైండింగ్ పని. ఊచ మీద ఊచ పెట్టి, బైండింగ్ వైరు చుట్టి, హుక్కుతో రెండు తిప్పులు తిప్పి వదిలేసేవాడు. చెయ్యి పనిచేస్తూంటే మొహం పక్కవాడితో కబుర్లాడుతుండేది. నేను ఫోన్లో కవచం ఫోటో చూపించి ఇలాంటిది అల్లగలవా అని అడిగాను. ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"ఒక్క రింగు నాలుగు రింగులను పట్టుకుంటది సార్. గంతే. ఎవరికి ఇది?"

"నాకే. వేషానికి."

ఆ మాటతో అతని మొహం మారిపోయింది. హుక్కు జేబులో పెట్టుకుని పూర్తిగా నా వైపు తిరిగాడు. "యేషమా? నేను మా ఊర్ల చిరుతలాటల రాజు యేషం కడ్తుంటి సార్. అట్టముక్కలకు బంగారు కాయితం అతికిచ్చి కవచం జేస్కునేటోణ్ణి. ఆరేండ్లయితుంది. ఆట పడ్డప్పుడు నాకు లీవు దొరకది, లీవు దొరికినప్పుడు ఆట ఉండది. ఇప్పుడు నా యేషం ఇంకోడు కడ్తుండు." ఫోన్ నా చేతికి తిరిగిచ్చాడు. "నేను అల్లిస్త సార్. పైసలొద్దు. అయిపోయినంక ఒక్కపారి నేనేస్కుంట, మీరు ఫోటో కొట్టుండ్రి. మా ఊరోళ్ళకు పంపుకుంట. నిజం ఇనుముది ఏస్కున్న రాజు ఒక్కడు గూడ లేడు మా దిక్కు."

"తప్పకుండా," అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఖర్చేమీ కాలేదు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం లింబాద్రి తమ లేబర్ క్యాంప్ బస్సులో ఊళ్ళోని నజ్మాకి వచ్చేవాడు. ఎక్స్‌చేంజి దగ్గర ఇంటికి డబ్బు పంపే క్యూలో నిలబడి, తెలుగు హోటల్లో భోంచేసి, ఆ హోటలు ముందే నా కోసం నిలబడేవాడు. నేను కార్లో ఎక్కించుకుని అల్ ఘర్రాఫా తీసుకొచ్చేవాణ్ణి. పెరట్లో నీళ్ళ ట్యాంకు నీడన కూర్చుని, ఊచకి తీగ చుట్టి, ఆ చుట్టని నిలువుగా కత్తిరించి రింగులు రాల్చి, రెండు కటింగ్ ప్లేయర్లతో ఒక్కొక్కటే మూసేవాడు. పిన్ని అతనికి పేపర్ కప్పులో టీ ఇచ్చేది, బయటివాళ్ళకి ఆవిడ అలాగే ఇస్తుంది. నేను దాన్ని పట్టుకుని ఆవిడకి పెద్ద ఉపన్యాసం దంచాను. రోమన్ సైన్యంలో ఇలాంటి తేడాలు లేవని, అన్ని జాతులవాళ్ళూ ఒకే పొయ్యి దగ్గర వండుకునేవాళ్ళని చెప్పాను. పిన్ని విని, "అయితే నువ్వెళ్ళి అతని పక్కన కూర్చుని రెండు రింగులు వెయ్యరాదూ," అంది. నాకు గోళ్ళు విరుగుతాయని వెళ్ళలేదు.

తీగ మీది జింకు పూత తళతళలాడితే గ్రాహం పట్టేసుకుంటాడని, అల్లిన ముక్కల్ని వెనిగర్‌లో నానబెట్టమన్నాను. పిన్ని బట్టల బకెట్టు ఆ పనికి పోయింది. ఇల్లంతా పుల్లటి వాసన. బాబాయి గంజి చొక్కాలకి కూడా ఆ వాసన పట్టి, ఆఫీసులో ఎవరో ఊరగాయ తెచ్చారా అని అడిగారట. ఆయన మాత్రం ఇస్త్రీ బల్లని పెరటి తలుపుకి దూరంగా జరుపుకున్నాడు.

ఒకసారి గ్రాహం చెప్పిన విషయాలు లింబాద్రికి వినిపించాను. రోమన్ సైనికుడంటే రోజూ యుద్ధం చేసేవాడు కాడు, ఎక్కువ కాలం రోడ్లు వెయ్యడం, కందకాలు తవ్వడం, గోడలు కట్టడమే పని. క్యాంపుల్లో ఉండేవాళ్ళు, గుడారానికి ఎనిమిదిమంది, ఎనిమిదిమందికీ ఒక పొయ్యి. ఏళ్ళ తరబడి ఇంటి మొహం చూసేవాళ్ళు కారు. నాకేదో గొప్ప జ్ఞానం పంచుతున్నానన్న గర్వం. లింబాద్రి రింగు మూస్తూనే విన్నాడు.

"అంటే మా క్యాంపే గద సార్. మా రూముల గూడ ఎనిమిది మందిమే. మాకు కత్తి ఇయ్యలే, గంతే." నవ్వాడు. "మరి గా గ్రాహం సార్ గింత కష్టపడి యాక్టింగ్ చేసుడెందుకు? మా క్యాంప్ల ఒక మంచం ఖాళీ ఉన్నది, వచ్చి పండుమనుండ్రి."

ఆ మాట గ్రాహంకి చెప్పే ధైర్యం నాకు ఉండాల్సింది. ఆ పన్నెండుమందిలో ఒక్కడికైనా తమ కాళ్ళ కింది రోడ్డు ఎవరు వేశారో గుర్తొచ్చేదేమో. రాదులెండి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఊచలు కట్టే మనుషుల్ని వారమంతా చూస్తూ, రెండు వేల ఏళ్ళ కిందటి కూలీల కష్టం తల్చుకుని కళ్ళు చెమర్చుకునే రకం వాళ్ళు. నేను వాళ్ళకంటే అన్యాయం, వాళ్ళలా కళ్ళు చెమర్చుకోవడం కూడా నేర్చుకున్నాను.

నా నడక చూసి లింబాద్రి నవ్వేవాడు. "పాదం జారిడిస్తున్నరు సార్. రాజు నడిస్తె నేలకు తెల్వాలె." ప్లేయర్లు కింద పెట్టి, చేతుల్లో ఆటలో వాయించే చెక్క చిరుతలున్నట్టు వేళ్ళు ఆడిస్తూ, పెరట్లో గుండ్రంగా నాలుగడుగులు వేసి చూపించేవాడు. నడుస్తున్నప్పుడు అతని మెడ నిలువుగా నిలబడేది. నేనా అడుగులు నేర్చుకుని గ్రాహం దగ్గర మెప్పు పొందాను. అలా ఎనిమిది నెలల శుక్రవారాలు గడిచాయి. చొక్కా పూర్తయింది. దాన్ని రెండు చేతులతో ఎత్తి నాకిస్తూ, వేసుకుంటానని ఆ రోజు అతను అడగలేదు. మొదలు మీ పండగ కానియ్యుండ్రి సార్, తర్వాత నేనేస్కుంట అన్నాడు.

మా 'పండగ' చలికాలంలో, ఒక పార్కులో జరిగే ఉత్సవంలో. రకరకాల దేశాలవాళ్ళు తమ తమ ఆటపాటలు ప్రదర్శిస్తున్నారు, నాతో కలిపి మా పదముగ్గురికీ పదిహేను నిమిషాలిచ్చారు. చొక్కా బరువు నా ఒక్కడివల్ల కాదని లింబాద్రిని కూడా తీసుకెళ్ళాను. ప్రదర్శనకి ముందు గ్రాహం మైకు పట్టుకుని నన్ను ముందుకి పిలిచాడు. ఈ టిరో ఈ కవచాన్ని ఎనిమిది నెలలు కూర్చుని సొంత చేతులతో అల్లాడని, ఇలాంటి పనితనం తను యూరప్‌లో కూడా చూడలేదని ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇంగ్లీషు అర్థం కాకపోయినా, తన చొక్కాకే అని తెలిసి లింబాద్రి కూడా సంతోషంగా చప్పట్లు కొట్టాడు. నేను తల వంచి నమస్కారం చేశాను. నేను చేయించినది నేను చేసినట్టే అని ఆఫీసులో అలవాటైన లెక్క, అక్కడా నాకు తప్పనిపించలేదు.

తర్వాత జరిగిందే నన్ను ఇన్నేళ్ళూ పట్టుకుని వదలనిది. పార్కులో నడకదారి నున్నటి గ్రానైటు. మా చెప్పుల అడుగున ఇనుప మేకులు. కవాతు మొదలుపెట్టేముందు ఒకసారి సరిచూసుకుందామని నాలుగడుగులు వేశామో లేదో, ముందు వరసలో ఒకాయన జారి పడి మడమ బెణికించుకున్నాడు. వరసలో ఖాళీ పడింది. ఖాళీతో నడవడం అవమానమని గ్రాహం జుట్టు పీక్కుంటున్నాడు. పడ్డాయన కవచం, డాలు పక్కనే ఉన్నాయి. లింబాద్రి నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"సార్, నేను నిలవడనా? అడుగులు నాకెర్కే గద."

అతని కళ్ళలో అంత ఆశని నేను ఆ ఎనిమిది నెలల్లో చూడలేదు. నాకన్నా బాగా నడుస్తాడని నాకు తెలుసు. గ్రాహం మా వైపు తిరిగి, ఎవరితను అని అడిగాడు. ఈ చొక్కా అల్లినవాడితనే అని ఒక్క మాట అంటే చాలు. నా సభ్యత్వం పోతుంది, అంతకు మించి పోయేదేమీ లేదు. నేను ఇంగ్లీషులో, "నా బ్యాగు మోసే మనిషి," అన్నాను. అయితే కుదరదు, ఇన్సూరెన్సు లేదు అని గ్రాహం అటు తిరిగిపోయాడు. అన్ని దేశాలవాళ్ళూ ఉండే సైన్యం ఖాళీతోనే నడిచింది.

లింబాద్రికి ఇంగ్లీషు రాదు. అయితే ఏళ్ళుగా గల్ఫ్ సైట్లలో ఉన్నవాడికి బ్యాగు అన్న మాట, నేను చూపించిన వేలు అర్థం కాకుండా ఉండవు. నడక అయ్యాక నా చంకలో రెండు రింగులు విచ్చుకుంటే, జేబులోంచి ప్లేయర్ తీసి, నేను నిలబడి ఉండగానే మూసేశాడు. నాకే మొహం చెల్లక, "ఫోటో మరోసారి తీద్దాం, ఇప్పుడు వీళ్ళంతా సామాన్లు సర్దుతున్నారు," అన్నాను. "కానీ సార్," అన్నాడు. అతన్ని కార్లో నజ్మాలో దింపాను. పై శుక్రవారం ఫోన్ చేస్తే ఓటీ, ఓవర్‌టైం డ్యూటీ, ఉందన్నాడు. ఆ పై శుక్రవారమూ ఓటీయే. సైటులో కనిపిస్తే నమస్తే సార్ అనేవాడు, చెయ్యి ఆగేది కాదు. క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఒక కూలీని ఇంజనీరు క్షమాపణ అడగడమేమిటన్న అహంకారం అడ్డొచ్చింది. దానికి ఇంతకన్నా మంచి పేరు పెట్టలేను.

పూర్తి సభ్యుణ్ణయ్యాను. ఇంకో రెండుసార్లు కవాతు చేసి, విసుగొచ్చి, హైదరాబాదులో ఉద్యోగం రాగానే ఆ సరంజామా అంతా బాబాయి ఇంట్లో ఒక పెట్టెలో పడేసి వచ్చేశాను. మ్యాచ్‌లు టీవీలో చూశాను. స్టేడియం కనిపించినప్పుడల్లా పక్కనున్నవాళ్ళకి అది మేం కట్టిందే అని చెప్పాను. ఇప్పటికీ నా బయోడేటాలో ఆ ముక్క ఉంది. జుట్టు నెరిసింది గానీ ఆ మాట మాత్రం మార్చుకోలేదు.

మూడో అట్టు వేస్తూ పిన్ని మొదలుపెట్టింది. "నువ్వెళ్ళిపోయిన ఏడాదికి ఆయనొచ్చాడ్రా, లింబాద్రి గారు. ఉద్యోగం మానేసి ఇంటికెళ్ళిపోతున్నానమ్మా, చెప్పి పోదామని వచ్చాను అన్నాడు. మీ బాబాయికి అప్పుడు గుర్తొచ్చింది, పెట్టెలో ఇనుప చొక్కా ఉందని. దాన్ని వేసుకుని ఫోటో దిగాలని అల్లేటప్పుడే నాతో అనేవాడు, నువ్వేమో తియ్యనేలేదు."

పిన్ని స్టవ్ తగ్గించి, ఫోన్ తెచ్చి, వేలితో వెనక్కీ వెనక్కీ జరుపుకుంటూ వెళ్ళి ఒక ఫోటో నా ముందు పెట్టింది. అల్ ఘర్రాఫా పెరడు. కరివేపాకు మొక్క పక్కన లింబాద్రి, ఒంటి మీద నా చొక్కా. నాదేమిటి, అతనిది. నెత్తిన నెయ్యి డబ్బా రేకు కత్తిరించి చేసిన కిరీటం. లోపల వేసుకున్నది మాత్రం గంజి పెట్టిన తెల్లచొక్కా, కాలర్ కత్తిలా నిలబడి ఉంది. ఎవరినీ తాకనివ్వని తన చొక్కాని బాబాయి తన చేత్తో ఇస్త్రీ చేసి ఇచ్చాడట. మెడ నిటారుగా పెట్టి, ఒక కాలు ముందుకు వేసి, లింబాద్రి కెమెరా వైపు కాకుండా దూరంగా ఎటో చూస్తున్నాడు. ఏ రోమన్ సైనికుడూ అలా నిలబడి ఉండడు. రాజు నిలబడినట్టే ఉంది.

"పెరడంతా తిరిగి ఆడాడ్రా. మీ బాబాయి చప్పట్లు కొట్టడం నేను అప్పుడే చూశాను. ఫోటో అక్కడే వాళ్ళ ఊరికి పంపించాడు. పెసరట్లు పెడితే తిన్నాడు, మన కంచంలోనే పెట్టాను, నువ్వు మళ్ళీ ఉపన్యాసం ఇవ్వకు. చొక్కా తీసుకెళ్ళండి అంటే, విమానంలో అంత బరువెక్కడమ్మా, పిల్లలకి సామాన్లున్నాయి అన్నాడు. తర్వాత నా పెనం చూసి, ప్లేయర్ తీసి భుజం ముక్క కోసి నాకిచ్చాడు. మిగిలింది క్యాంపులో ఉండిపోయేవాళ్ళకి వంట గిన్నెలు తోముకోడానికి పనికొస్తుందని పట్టుకెళ్ళాడు."

ఎనిమిది నెలల శుక్రవారాలు ఎక్కడో క్యాంపు వంటింట్లో అన్నం మాడిన గిన్నెలు తోముతున్నాయి. నేను తల వంచి చప్పట్లు అందుకున్న కవచం అది. ఇంత చిన్న బతుకులా అని నేను పెదవి విరిచిన ఇంట్లో, నేను ఎగ్గొట్టిన మాటని ఇద్దరు ముసలివాళ్ళు ఒక మధ్యాహ్నం తీర్చేసి, నాకు చెప్పాల్సినంత పెద్ద పనని కూడా అనుకోలేదు. అట్టు చల్లారిపోతోంది. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"నా గురించేమైనా అడిగాడా పిన్నీ?"

పిన్ని అట్లకాడ పట్టుకుని కాసేపు ఆలోచించింది. నన్ను నొప్పించకుండా చెప్పడానికి ఏమైనా దొరుకుతుందేమోనని నిజంగానే వెతికింది. అబద్ధమాడటం ఆవిడకి ఎప్పుడూ చేతకాదు.

"లేదురా, నీ ఊసే రాలేదు," అంది. "కారప్పొడి వెయ్యనా?"